కుక్కపిల్లల్లో బొడ్డు గిలక – వైద్యం, సంరక్షణ, ఆశ్రయం



మన హాస్టళ్లలో వార్డెన్ గారి రిజిస్టరులో పేరు లేని నివాసులు కొందరు ఉంటారు. అవే కుక్కలు. భోజనం గంట మనకన్నా ముందు వాటికే వినిపిస్తుంది. కంచాలు కడిగే కుళాయిల దగ్గర తిరుగుతాయి. వంటగది వెనుక కట్టెల చాటున పిల్లలు పెడతాయి. ఆ పిల్లలను ఎత్తుకుని ఆడించే మనలో చాలామందికి వాటి పొట్ట మీద ఒక్కోసారి కనిపించే బుడిపె ఏమిటో తెలియదు. "గడ్డ లేచింది" అని ఒకరు, "పేగు బయటికొచ్చింది" అని ఒకరు, "ఇక బతకదు" అని మరొకరు అంటారు. ఇంటర్ బైపీసీ చదువుతున్న మేము ఈ విషయాన్ని పశువైద్యశాలలో డాక్టరు గారిని అడిగి, పుస్తకాల్లో చదివి తెలుసుకున్నంతవరకు ఇక్కడ రాస్తున్నాం. తెలిస్తే భయం పోతుంది. భయం పోతే ఒక ప్రాణికి ఇల్లు దొరుకుతుంది. ఈ వ్యాసం ఉద్దేశం అంతే.

బొడ్డు పని ఏమిటి?

తల్లి గర్భంలో ఉన్న పిల్ల నోటితో తినదు, ముక్కుతో గాలి పీల్చదు. ఆహారం, ఆక్సిజన్ రెండూ మాయ నుంచి బొడ్డుతాడులోని రక్తనాళాల ద్వారా వస్తాయి. ఆ నాళాలు పిల్ల పొట్టలోకి వెళ్లాలంటే పొట్ట గోడలో ఒక దారి ఉండాలి. ఆ దారే బొడ్డు రంధ్రం. దాని చుట్టూ ఉన్న గట్టి అంచును బొడ్డు వలయం అంటారు.

కుక్క గర్భకాలం సుమారు 63 రోజులు. పిల్ల పుట్టగానే తల్లి దాని మీది పొరను చీల్చి, బొడ్డుతాడును పళ్లతో కొరికి తెంపుతుంది. మిగిలిన ముక్క కొద్ది రోజుల్లో ఎండి రాలిపోతుంది. లోపల వలయం కూడా బిగుసుకుని మూసుకుంటుంది. చివరకు వెంట్రుకల కింద వెతికితే తప్ప కనిపించని చిన్న మచ్చ మిగులుతుంది.

గిలక ఎలా ఏర్పడుతుంది?

కొన్ని పిల్లల్లో ఆ వలయం పూర్తిగా మూసుకోదు. పైన చర్మం మాత్రం మామూలుగానే ఉంటుంది. అప్పుడు పొట్ట లోపలి కొవ్వు గానీ, పేగులను కప్పి ఉండే పొర గానీ ఆ సందులోంచి తోసుకువచ్చి చర్మం కింద బుడిపెలా నిలుస్తుంది. సందు పెద్దదైతే పేగు మడత కూడా రావచ్చు. దీన్నే బొడ్డు గిలక లేదా బొడ్డు హెర్నియా అంటారు. మన పల్లెల్లో పేగు జారడం అని కూడా అంటారు. వృషణాల సంచిలో నీరు చేరే వరిబీజం వేరు, ఇది వేరు. రెంటినీ కలపకూడదు.

సైకిల్ తొక్కేవారందరికీ ఇది సులభంగా అర్థమవుతుంది. టైరు ఒకచోట చీలితే లోపలి ట్యూబు అక్కడ బుడగలా పొంగుతుంది. ట్యూబుకు ఏ జబ్బూ లేదు. లోపం టైరులో ఉంది. అలాగే గిలకలో బయటికి వచ్చిన కొవ్వుకు, పేగుకు మొదట ఏ రోగమూ ఉండదు. లోపం పొట్ట గోడలో ఉంటుంది. కాబట్టి మందు రాస్తే, మాత్ర వేస్తే గిలక పోదు.

కారణాలు – అపోహలు

తల్లి బొడ్డుతాడును గట్టిగా లాగడం వల్లే ఇలా అవుతుందని చాలామంది అనుకుంటారు. అలా జరగడం అరుదు. ఎక్కువ సందర్భాల్లో ఇది వంశపారంపర్యంగా వచ్చే లోపమే. అందుకే గిలకతో పుట్టిన కుక్కలను సంతానోత్పత్తికి వాడకూడదని పశువైద్యులు చెబుతారు. ఎయిర్‌డేల్ టెర్రియర్, బసెంజి, పెకినీస్ వంటి జాతుల్లో ఇది ఎక్కువ. మన ఊరకుక్కల్లోనూ కనిపిస్తుంది.

ఇది అంటువ్యాధి కాదు. తాకితే మనకు రాదు, పక్క పిల్లకూ రాదు. మనుషుల్లో అప్పుడే పుట్టిన బిడ్డలకు, పశువుల్లో దూడలకు కూడా ఇలాంటి గిలక ఉంటుంది. మనుషుల బిడ్డల్లో చాలావరకు నాలుగైదేళ్ల లోపు దానంతట అదే మూసుకుంటుంది.

ఎలా గుర్తించాలి?

మొదట ఒక హెచ్చరిక. తల్లికుక్క దగ్గర ఉన్నప్పుడు పిల్లను తాకవద్దు. ఎంత మచ్చికైన కుక్క అయినా పిల్లల కోసం కరుస్తుంది. తల్లి తిండికి వెళ్లినప్పుడు, పెద్దవారు పక్కన ఉండగా చూడాలి. ముందూ వెనుకా చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

పిల్లను ముందు కాళ్ల కింద పట్టి నిలబెట్టినట్టు ఎత్తితే బుడిపె స్పష్టంగా కనిపిస్తుంది. తర్వాత వెల్లకిలా పడుకోబెట్టాలి. మెత్తని బుడిపె తనంతట తాను గానీ, వేలితో మెల్లగా ఒత్తితే గానీ లోపలికి వెళ్లిపోతే అది వెనక్కి వెళ్లే గిలక. అది లోపలికి వెళ్లాక వేలికి ఒక గుండ్రని అంచు తగులుతుంది. అదే వలయం. ముఖ్యంగా చూడవలసింది బుడిపె సైజు కాదు, ఆ వలయం సైజు. చిన్న సందులోంచి ఎక్కువ కొవ్వు వచ్చి బుడిపె పెద్దగా కనిపించవచ్చు.

బొడ్డు దగ్గర వచ్చే ప్రతి వాపూ గిలక కాదు. పుట్టిన కొద్ది రోజులకే బొడ్డు ఎర్రబడి, వేడిగా ఉండి, చీము కారుతుంటే అది ఇన్‌ఫెక్షన్. పొట్ట మొత్తం కుండలా ఉబ్బి, పక్కటెముకలు తేలితే అది తరచుగా నులిపురుగుల వల్ల. గజ్జల్లో వచ్చే గిలక మరొకటి. తేడా తేల్చవలసింది పశువైద్యుడే.

ప్రమాదం ఎప్పుడు?

శనగగింజంత, రేగుపండంత మెత్తని గిలక పిల్లను బాధపెట్టదు. అది ఆడుతుంది, తింటుంది, నిద్రపోతుంది. అయితే పేగు మడత ఒకటి సందులోకి వచ్చి అక్కడే ఇరుక్కుంటే పరిస్థితి మారుతుంది. వలయం ఉరిలా బిగిసి పేగుకు రక్తం అందకపోతే ఆ భాగం కుళ్లిపోతుంది. అప్పుడు గంటలే లెక్క. ఈ లక్షణాలు గుర్తుంచుకోండి.

1. నిన్నటిదాకా మెత్తగా ఉన్న బుడిపె గట్టిపడటం, ఒత్తినా లోపలికి వెళ్లకపోవడం.
2. బుడిపె వేడిగా ఉండటం, ఎర్రగా లేదా నల్లగా మారడం.
3. తాకితే పిల్ల అరవడం.
4. వాంతులు, తిండి మానేయడం, ఒక మూల ముడుచుకుని పడుకోవడం.

వీటిలో ఏది కనిపించినా తెల్లారనిద్దాం అనుకోకూడదు. వెంటనే పశువైద్యశాలకు తీసుకువెళ్లాలి. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ పశువైద్య సేవలకు 1962 టోల్‌ఫ్రీ నంబరు ఉంది. గట్టిపడిన బుడిపెను బలవంతంగా లోపలికి నొక్కే ప్రయత్నం చేయవద్దు.

చేయకూడని పనులు

బుడిపె మీద రూపాయి బిళ్ల పెట్టి గుడ్డతో కట్టడం మన పల్లెల్లో ఉంది. పసిబిడ్డలకూ చేస్తారు, కుక్కపిల్లలకూ చేస్తారు. బిళ్ల వల్ల వలయం మూసుకోదు. కింద చర్మం ఒరిసి పుండవుతుంది. దారంతో గానీ, రబ్బరు బ్యాండుతో గానీ బుడిపె మొదలును బిగించడం ఇంకా ప్రమాదం. లోపల పేగు ఉంటే దానికి మన చేతులతో ఉరి వేసినట్టే. చీము అనుకుని సూదితో గుచ్చడం, వాత పెట్టడం, పసరు కట్టడం కూడా ప్రాణాల మీదికి తెస్తాయి.

చికిత్స

చిన్న గిలకలు, ముఖ్యంగా సెంటీమీటరు లోపు సందు ఉన్నవి, చాలావరకు ఆరు నెలల వయసులోపు వాటంతట అవే మూసుకుంటాయి. కొన్నింటిలో వలయం మూసుకున్నా ముందే బయటికి వచ్చిన కొవ్వు చర్మం కింద చిన్న గింజలా మిగిలిపోతుంది. దానివల్ల హాని ఉండదు. అప్పటివరకు చేయవలసింది వారానికి ఒకసారి చూసుకోవడం, నులిపురుగుల మందు సమయానికి వేయించడం.

మూసుకోని వాటికి శస్త్రచికిత్స ఒక్కటే దారి. మత్తు ఇచ్చి, చర్మం కోసి, బయటికి వచ్చిన దాన్ని లోపలికి పంపి లేదా అదనపు కొవ్వును తీసివేసి, వలయం అంచులను దగ్గరకు చేర్చి కుట్లు వేస్తారు. తొందర లేని గిలకలను పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌తో కలిపి ఒకే మత్తులో సరిచేస్తారు. పేగు వస్తున్న పెద్ద గిలకలకు అంతవరకు ఆగరు. ఆపరేషన్ తర్వాత 10 నుంచి 14 రోజులు పరుగులు, గెంతులు లేకుండా చూడాలి. కుట్లు నాకకుండా మెడకు గరాటులాంటి కాలర్ కట్టాలి. కట్టు తడవకూడదు.

మా హాస్టల్లో జరిగింది

మన ప్రాంతంలో వీధికుక్కలు ఎక్కువగా చలికాలంలో పిల్లలు పెడతాయి. మా వంటగది వెనుక కూడా ఒక చలికాలంలో ఐదు పిల్లలు పుట్టాయి. మూడు మగవి, రెండు ఆడవి. కళ్లు తెరిచి నడక నేర్చాక ఒక ఆడపిల్లకు బొడ్డు దగ్గర రేగుపండంత బుడిపె కనిపించింది. కామాటి తాత చూసి, "నాయనా, దానికి నూకలు చెల్లినయ్" అన్నాడు. వార్డెన్ గారి అనుమతి తీసుకుని, అట్టపెట్టెలో గోనెసంచి పరిచి మండల కేంద్రంలోని పశువైద్యశాలకు తీసుకువెళ్లాం. డాక్టరు గారు వేలితో చూసి, "కొవ్వు మాత్రమే వస్తోంది. లోపలికి పోతోంది. కంగారు లేదు. ఆరు నెలల వరకు చూద్దాం" అన్నారు. ఐదింటికీ నులిపురుగుల మందు ఇచ్చారు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం దాన్ని పరీక్షించి నోటుపుస్తకంలో రాసేవాళ్లం. మెత్తగా ఉందా, లోపలికి వెళ్తోందా, తింటోందా, విరేచనం ఎలా ఉంది అని నాలుగు గడులు గీశాం. ప్రాక్టికల్ రికార్డు కన్నా దాన్నే శ్రద్ధగా నింపామంటే మా లెక్చరర్ గారు క్షమించాలి.

రెండు నెలలు నిండాక ఇళ్లు వెతకడం మొదలుపెట్టాం. మగపిల్లలు మూడూ వారంలోనే వెళ్లిపోయాయి. రెండో ఆడపిల్లకు కొంత ఆలస్యమైంది. బొడ్డు గిలక ఉన్నది మాత్రం మిగిలిపోయింది. ఒక ఇంటివారు వచ్చి ముచ్చటపడి ఎత్తుకున్నారు, పొట్ట చూసి దించేశారు. మరొకరు "బాగైతే చెప్పండి బాబూ, చూద్దాం" అన్నారు. ఆడది కావడం ఒక వంక, బుడిపె మరో వంక.

అప్పుడు మా మధ్య పెద్ద చర్చ జరిగింది. "పడుకుని ఉన్నప్పుడు చూపిస్తే బుడిపె కనిపించదు. ముందు ఇంటికి చేరనీ, మచ్చికయ్యాక వాళ్లే ఉంచుకుంటారు" అని కొందరు అన్నారు. అందులో న్యాయం లేదని అనలేం. ఎలాగైనా దానికి నీడ దొరకాలనే వాళ్ల ఆరాటం. కానీ మరో మిత్రుడు ఒక ప్రశ్న వేశాడు: "చెప్పకుండా ఇస్తే అది గట్టిపడిన రాత్రి వాళ్లకు ఏం తెలుస్తుంది? ఎవరు ఆసుపత్రికి తీసుకుపోతారు?" దానికి మా ఎవరి దగ్గరా జవాబు లేదు. దాచి ఇస్తే ఇల్లు దొరుకుతుంది, ప్రాణానికి కాపు దొరకదు. కాబట్టి అడగకముందే చెప్పాలని, చూపించాలని, మా నోటుపుస్తకం కూడా ఇవ్వాలని తీర్మానించుకున్నాం.

చివరికి పాలు పోసే ఒక రైతు దాన్ని తీసుకున్నారు. మేం చెప్పడం మొదలుపెట్టగానే ఆయన నవ్వి, "మా దూడకి ఇట్లాంటిదే ఉండె. డాక్టరు కుట్టేసిండు. ఇప్పుడు అది రెండో ఈత పాడి" అన్నారు. అంతకుముందు వచ్చినవారు చెడ్డవారేమీ కాదు. వారికి తెలియదు, ఈయనకు తెలుసు. అంతే తేడా. ఏడో నెలలో జిల్లా కేంద్రంలోని పశువైద్యశాలలో గిలకకు, పిల్లలు పుట్టకుండా ఉండేందుకు ఒకేసారి ఆపరేషన్ జరిగింది. ఖర్చులకు మేమంతా కాస్మెటిక్ చార్జీల్లోంచి తలా 10 రూపాయలు వేసుకున్నాం. ఎవరూ వద్దన్న రెండు కారణాలూ ఒక్క కోతతో తీరిపోయాయి. ఇప్పుడది ఆయన పశువుల కొట్టానికి కాపలా కాస్తోంది.

ఇల్లు వెతికేవారికి సూచనలు

1. ఎనిమిది వారాలు నిండకముందు పిల్లను తల్లి నుంచి వేరు చేయవద్దు. తల్లిపాలతో పాటు కరవకుండా ఆడటం, తోటివాటితో మెలగడం అప్పుడే నేర్చుకుంటుంది.
2. రెండు వారాల వయసు నుంచి నులిపురుగుల మందు, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పార్వో, డిస్టెంపర్ వంటి వ్యాధులకు మొదటి టీకా, మూడు నెలలకు రేబిస్ టీకా వేయించాలి. తర్వాతి డోసుల తేదీలు డాక్టరు గారు చీటీ మీద రాసిస్తారు. ఆ చీటీ పిల్లతో పాటే వెళ్లాలి.
3. తీసుకునేవారిని మొహమాటం లేకుండా అడగండి. ఇంట్లో అందరికీ ఇష్టమేనా? పగలు ఎవరుంటారు? ఊరికి వెళితే ఎవరు చూస్తారు? ఆపరేషన్‌కు తీసుకువెళతారా?
4. పిల్లకున్న లోపాన్ని మొదటి మాటల్లోనే చెప్పండి. ప్రమాద లక్షణాలు కాగితం మీద రాసివ్వండి.
5. పెంచలేకపోతే వీధిలో వదలకుండా తిరిగి తెచ్చివ్వమని మాట తీసుకోండి. నెలకోసారి వెళ్లి చూడండి.
6. సాంబారులోని ఉల్లిపాయలు, ఉడికించిన కోడి ఎముకలు, చాక్లెట్లు కుక్కలకు పెట్టవద్దు. ఉల్లి వాటి రక్తకణాలను దెబ్బతీస్తుంది. ఉడికిన ఎముక విరిగి పేగులో గుచ్చుకుంటుంది.

రేబిస్ విషయంలో జాగ్రత్త

కుక్కపిల్లే కదా అని కాటును తేలిగ్గా తీసుకోకూడదు. టీకాలు లేని పిల్ల కరిచినా, పుండు మీద నాకినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. కారం, సున్నం, పసుపు పెట్టకూడదు. లక్షణాలు బయటపడ్డాక రేబిస్ దాదాపు ఎప్పుడూ ప్రాణం తీస్తుంది. ముందే టీకా వేయించుకుంటే అడ్డుకోవచ్చు. లూయీ పాశ్చర్ 1885 జులై 6న పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల బాలుడికి మొదటిసారి ఈ టీకా ఇచ్చి బతికించాడు. ఆయన వర్ధంతి అయిన సెప్టెంబరు 28నే ప్రపంచ రేబిస్ దినంగా జరుపుతున్నారు. వార్డెన్ గారు తిడతారని కాటును దాచే తమ్ముళ్లు ఈ పేరా రెండుసార్లు చదవాలి.

చట్టం ఏమంటోంది?

రాజ్యాంగంలోని 51ఎ(జి) అధికరణం ప్రకారం జీవుల పట్ల దయ కలిగి ఉండటం ప్రతి పౌరుడి ప్రాథమిక విధి. ఇది 1976లో 42వ సవరణతో చేరింది. జంతువులను హింసించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం. వీధికుక్కల సంఖ్య తగ్గించడానికి ఆపరేషన్లు, టీకాలే మార్గమని 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు చెబుతున్నాయి. మరోవైపు విద్యాసంస్థలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల నుంచి వీధికుక్కలను షెల్టర్లకు తరలించాలని, తిరిగి అక్కడే వదలరాదని 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. పిల్లల భద్రత కోసం ఇచ్చిన ఆదేశం అది. కాబట్టి హాస్టల్ ఆవరణలో పుట్టిన పిల్లలు ఎలాగో పెరుగుతాయిలే అని వదిలేయకుండా, చిన్న వయసులోనే వాటికి మంచి ఇళ్లు చూడటం మనకూ మేలు, వాటికీ మేలు.

ఈ దారిలో చదువు

పశువైద్యం మీద ఆసక్తి ఉన్న తమ్ముళ్లకు ఒక మాట. పదో తరగతి తర్వాత పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లలో రెండేళ్ల డిప్లొమా ఉంది. ఇంటర్ బైపీసీ తర్వాత ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల బీవీఎస్సీ ఉంది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, హైదరాబాదు రాజేంద్రనగర్‌లో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం ఉన్నాయి. గొర్రె, మేక, గేదెల మధ్య పెరిగిన మన పిల్లలకు ఈ చదువులో సగం పరిచయం ఇంటి దగ్గరే దొరికింది. మిగతా సగం కోసం కష్టపడితే చాలు. ఈ సంచిక చదివే అన్నల్లో పశువైద్య శాఖలో పనిచేసేవారు ఉంటే, ఏడాదికి ఒక ఆదివారం మన హాస్టల్‌కు వచ్చి కుక్కలకు రేబిస్ టీకాలు వేయించి, మాకు నాలుగు విషయాలు చెప్పాలని వినయంగా కోరుతున్నాం. అట్టపెట్టె, గోనెసంచి, నోటుపుస్తకం మేం సిద్ధంగా ఉంచుతాం.